క్వార్టరు ఖాళీ చెయ్యని అమ్మవారు

వైరస్‌తో నాకు వైరం ఎప్పుడూ లేదు. పైగా ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది అదే. రాంచీ అవతలి ఈ ఉక్కు ప్లాంటు ఊళ్ళో, అగ్రికో పేటలో ఓ మిఠాయి కొట్టు మీది గదిలో పన్నెండో తరగతి పిల్లలకి జీవశాస్త్రం ట్యూషన్ చెబుతాను. వైరస్‌ల పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు లేడని ఊళ్ళో పేరు. ఆ పేరు పుట్టించింది నేనే అనుకోండి. అయినా పేరు పేరే.

ఈ ఊరి పిల్లలకి ఏది చెప్పినా ప్లాంటు భాషలో చెబితేనే తలకెక్కుతుంది. అందుకని నా పాఠంలో వైరస్ ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు. వాడికి మిషను లేదు, కూలీల్లేరు, కరెంటు కనెక్షను కూడా లేదు. చంకలో చుట్టిన డ్రాయింగు ఒక్కటే ఉంటుంది. ఆ డ్రాయింగు కొందరికి డీఎన్ఏ కాగితం మీద, కొందరికి ఆర్ఎన్ఏ కాగితం మీద. కొందరిది ఒక పొర, కొందరిది రెండు పొరలు. డ్రాయింగు నలగకుండా చుట్టూ ప్రోటీను డబ్బా. కొంతమంది ఆ డబ్బా మీద నూనె శాలువా ఒకటి కప్పుకుంటారు. అది కొన్నది కాదు. చుట్టపుచూపుగా వచ్చి పోతూ పోతూ ఆ ఇంటి తువ్వాలు భుజాన వేసుకుపోయేవాళ్ళుంటారే, ఆ బాపతు. పాత కణం లోంచి బయటికి వస్తూ దాని పొరనే కాస్త చింపి కప్పుకుంటారన్నమాట. శాలువా మీద ముళ్ళలాంటివి ఉంటాయి. అవే గేటు పాసు. కణం గేటు దగ్గర ఆ పాసు చూపిస్తే కాపలావాడు సలాం కొట్టి మరీ లోపలికి పంపిస్తాడు. ఆ తర్వాత ప్లాంటు తన సొంత పని పక్కన పెట్టి, ఠేకేదారు డ్రాయింగు ప్రకారం డబ్బాలూ డ్రాయింగులూ తయారుచేస్తూ కూచుంటుంది. ఆఖరికి గోడలు బద్దలుకొట్టుకుని ఒక్కడి బదులు వేలమంది ఠేకేదార్లు బయటపడతారు.

వాళ్ళని వర్గీకరించడానికి ఏడు గదులు. డ్రాయింగు ఎలాంటిది, దాన్నించి పనివాళ్ళకి హుకుం ఏ దారిన వెళుతుంది, ఇవి చూసి ఎవరిని ఏ గదిలో కూచోబెట్టాలో చెబుతారు. ఈ ఏడు గదుల బొమ్మని కళ్ళు మూసుకుని గీస్తాను. గీయలేనిదల్లా వైరస్ డబ్బాని. దానికి ఇరవై త్రికోణపు ముఖాలుంటాయి. నా చేతిలో పడేసరికి అది సమోసాలు అతికించిన బంతి అవుతుంది. కింద మిఠాయి కొట్టు ఉండడం వల్ల పిల్లలు పెద్దగా పట్టించుకోరు.

మొన్న వానాకాలంలో ఒకరోజు అలా సమోసాలు అతికిస్తూ ఉండగా కుడి డొక్క కింద చురుక్కుమంది. తర్వాత దురద. ఆ తర్వాత మంట. నేరం బెల్టు మీద మోపాను. మా అబ్బాయి కొత్తగా కొనిచ్చిన బెల్టు అది. వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని, విషయం ఇంట్లో పొక్కనివ్వకుండా పౌడరు చల్లుకుంటూ గడిపాను. విషయం పొక్కలేదు గానీ వీపు పొక్కింది.

బర్మామైన్స్‌లో మాది చిన్న ఇల్లు. కింద రెండు గదులు, డాబా మీద రేకుల గది ఒకటి. అందులో మా అమ్మ, నేను, మా ఆవిడ, షిఫ్టుల మీద ఉండే మా అబ్బాయి, అయిదో నెల కడుపుతో ఉన్న మా కోడలు. ఆ ఆదివారం కుళాయి దగ్గర చొక్కా విప్పి ముఖం కడుక్కుంటుంటే, గుమ్మంలో టీ తాగుతున్న మా అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఒరే, ఇలాగ్రా. ఈపు ఇటు తిప్పు."

"చెమటకాయలమ్మా."

"సెమటకాయలు వరసలో నిలబడతాయేట్రా, రేసను కొట్టు కాడ నిలబడినట్టు? సర్పి అది. పాము. తలెక్కడుందో తోకెక్కడుందో సూడనీ."

కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసింది. వెన్నెముక దగ్గర తోక, బొడ్డు వైపు తల అని తేల్చింది. నడుం చుట్టూ తిరిగి ఆ తలా తోకా కలిశాయా, మనిషి పని అయిపోయినట్టేనట. విరుగుడు జేగురు. ఆ ఎర్రమట్టిని నీళ్ళలో అరగదీసి పొక్కుల పక్కన సింహాన్ని గీస్తే, దాన్ని చూసి పాము జడుసుకుని పోతుంది.

"సింహం పాముని తినదమ్మా. గీస్తే ముంగిసని గీయాలి."

"నీ శాస్తరం నీ టూసన్లో సెప్పుకో. మాయమ్మ సింహాన్నే గీసేది. నానూ సింహాన్నే గీత్తాను."

మా అమ్మ శ్రీకాకుళం పక్కనుంచి పెళ్ళికూతురిగా ఈ ఊరు వచ్చింది. కూరగాయల వాడితో పోట్లాడడానికి సరిపడా హిందీ నేర్చుకుంది. బియ్యం మారింది, బస్సు మారింది, రోగాలు మాత్రం ఇప్పటికీ ఊరినుంచే తెప్పించుకుంటుంది. సింహం చేతికి చిక్కకుండా ఆ సాయంత్రమే చర్మం డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే చూసి, "హర్పీస్..." అనబోయాడు. ఆయన్ని పూర్తి చెయ్యనిస్తే నేను మాస్టర్ని ఎలా అవుతాను? "జోస్టర్. మొదటి గది. రెండు పొరల డీఎన్ఏ, ఇరవై ముఖాల డబ్బా, పైన శాలువా. చిన్నప్పుడు చికెన్‌పాక్స్ తెప్పించిన వైరసే," అని అందుకున్నాను. నూతిలో పడ్డవాడు నుయ్యి లోతు గురించి ఉపన్యాసం ఇస్తుంటే గట్టుమీదివాళ్ళు చూసినట్టు చూశాడాయన.

"ఇత్‌నా సబ్ జాన్‌తే హై, ఫిర్ భీ పౌడర్ లగా రహే థే మాస్టర్జీ?"

ఇన్ని తెలిసీ పౌడరు రాశారా అని. మందు రాస్తూ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. చెప్పాను. కోడలి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

"బహూ కో కభీ మాతా నికలీ థీ?"

ఈ ఊళ్ళో రిక్షావాడి నుంచి పెద్ద డాక్టరు దాకా చికెన్‌పాక్స్‌ని మాత అనే అంటారు. కోడలికి ఎప్పుడైనా అమ్మవారు పోసిందా అని ఆయన సవ్యంగానే అడిగాడు. నేనే ఊరుకోలేక, "అంటే వేరిసెల్లా కదా మీ ఉద్దేశం?" అని సరిదిద్దాను.

"వహీ," అన్నాడు, అదే అని, అలిసిపోయిన గొంతుతో. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆమెకి ఇదివరకే వచ్చి ఉంటే భయం లేదు. రాకపోతే మాత్రం మీ పొక్కుల నీరు తగిలితే ఆమెకి చికెన్‌పాక్స్ రావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు వస్తే తల్లి ఊపిరితిత్తులకి ప్రమాదం. అరుదుగానే అయినా బిడ్డకీ ప్రమాదమే. ఇంట్లో కనుక్కోండి, ఈలోగా రక్తం పరీక్షకి పంపండి. ఒక ఇంజెక్షను ఉంది, తొందరగా ఇవ్వాలి, ఇక్కడ దొరకడం కష్టం, నేనూ వాకబు చేస్తాను అని.

స్కూటరు మీద వస్తుంటే నాకు తువ్వాలు గుర్తొచ్చింది. మా ఇంట్లో అందరి బట్టలూ ఒకే తీగ మీద ఆరతాయి. కానీ వానాకాలం కదా, ఏదీ సరిగ్గా ఆరదు. ఆ తడి తువ్వాళ్ళూ బనియన్లూ తీసి మడత పెట్టేది కోడలు. ఆ వారమంతా నా పొక్కులు తుడిచిన తువ్వాలు ఆ పిల్ల చేతుల్లోంచే వెళ్ళింది. తువ్వాలు భుజాన వేసుకుపోయే చుట్టం గురించి క్లాసులో నవ్విస్తూ, ఇంట్లో ఆ చుట్టానికి తువ్వాలు అందించింది నేనే.

గేటు దగ్గరే నిలబడి అందర్నీ దూరంగా ఉండమని కేకేసి, పెరటి మెట్ల మీంచి డాబా గదికి కాపురం మార్చాను. మా ఆవిడ కంచం పై మెట్టు మీద పెట్టి, వీధికుక్కకి పెట్టినట్టు రెండడుగులు వెనక్కి వేసి, "తినండి," అంది. కోడలు కింద మెట్టు దగ్గర నిలబడింది. ఆ పిల్ల మామూలుగా నాతో సగం తెలుగులోనైనా మాట్లాడుతుంది. భయం వేస్తే పూర్తిగా హిందీలోకి వెళ్ళిపోతుంది.

"మావయ్యా, సచ్ బతాయియే. బేబీ కో కుఛ్ హోగా క్యా?"

నిజం చెప్పండి, బిడ్డకేమైనా అవుతుందా అని. వైరస్ మీద గంటలు గంటలు మాట్లాడగలవాణ్ణి. చిన్నప్పుడు నీకు చికెన్‌పాక్స్ వచ్చిందా అని ఎదురు ప్రశ్న మాత్రం వేశాను, తెలియదంది. "మీ అమ్మగారిని అడుగుతాను," అన్నాను.

వియ్యపురాలు ఉండేది టెల్కో కాలనీలో. ఫోను చేశాను. ఎదుటివాళ్ళు ఆడవాళ్ళు, పైగా వియ్యాలవారు, విషయం సున్నితం. కాబట్టి పుస్తకంలోంచి మాటలు ఏరుకున్నాను.

"అక్కయ్యగారూ, చిన్న సందేహం. అమ్మాయికి బాల్యంలో వేరిసెల్లా వ్యాధి, అనగా చికెన్‌పాక్స్ రోగం, ఎప్పుడైనా సంక్రమించిందా?"

మావాళ్ళలో మగపెళ్ళివారు పిల్లకి ఏ రోగాలున్నాయని పెళ్ళికి ముందు ఎవరి చేతో కూపీ లాగిస్తారు. పెళ్ళయ్యాక అడిగితే అది ప్రశ్న కాదు, తగువుకి కొట్టిన కొబ్బరికాయ.

"అదేటండీ అన్నయ్యగారూ, ఇప్పుడడుగుతన్నారు? మా పిల్లకి అలాటి రోగాలేటీ లేవు. తుమ్మెరగదు, దగ్గెరగదు. సూసుకునే కదండీ సేసుకున్నారు?"

"అది కాదండీ, వచ్చి ఉంటే చాలా మంచిది..."

"రోగమొత్తే మంచిదేటండీ! మీకు జొరం గాని తగిలిందేటి?"

తగిలింది. థర్మామీటరు కూడా ఆవిడ పక్షమే.

దాంతో ఇంట్లో నవ్వు ఆగిపోయింది. మర్నాడు పొద్దున మా అబ్బాయి సెలవు పెట్టి కోడలిని రక్తపరీక్షకి తీసుకెళ్ళాడు. వెళుతూ పైకి ఒక చూపు చూశాడు. ప్లాంటులో క్రేను పాడుచేసిన కూలీని ఫోర్‌మన్ చూసే చూపు అది. ఇంజెక్షను ఊళ్ళో లేదు, రాంచీలో అడుగుతున్నానని డాక్టరు ఫోను చేశాడు. నేను రేకుల గదిలో మాత్రలు మింగుతూ కూచున్నాను. ఆ మాత్ర తమాషా అయినది. వైరస్ కొత్త డీఎన్ఏ కట్టుకునే గోడకి అది నకిలీ ఇటుక. వైరస్ గుమాస్తానే స్వయంగా ముద్ర కొట్టి, అసలు ఇటుకే అనుకుని గోడలో పెట్టుకుంటాడు. ఆ తర్వాత దాని మీద ఇంకో ఇటుక నిలవదు. క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ రోజు మాత్రం ఆ మాత్ర పనిచేసేది నా ఒంట్లోనే కదా అనిపించింది, కోడలి ఒంట్లో కాదు.

మధ్యాహ్నం మా అమ్మ పెరట్లో పీట వేసుకుని కూచుని, మెడ పైకెత్తి నాతో కబుర్లు మొదలుపెట్టింది. భయం వేసినప్పుడు కోడలు హిందీలోకి వెళితే నేను పాఠంలోకి వెళతాను.

"అమ్మా, చిన్నప్పుడు నాకు ఒళ్ళంతా పోసింది, గుర్తుందా? వేపమండల మీద పడుకోబెట్టావు."

"ఎందుకు గుర్తులేదు. ఆటలమ్మ ఆడింది. తలకి పోత్తే సల్లగా ఎల్లిపోయింది."

"వెళ్ళలేదే. అప్పట్నించీ నా వెన్నెముక పక్కన నరం ముడిలో కూచుంది. ఇప్పుడిలా పాములా బయటికొచ్చింది."

ఈ ఊళ్ళో అందరం ఎరిగిన మనిషి ఒకడుంటాడు. రిటైరైపోతాడు, క్వార్టరు ఖాళీ చెయ్యడు. దీపం వెలిగించడు, చడీ చప్పుడూ చెయ్యడు, కిటికీకి దుప్పటి కట్టుకుని లోపల ఉన్నాడో లేడో తెలియకుండా ఉంటాడు. కాపలావాడు ముసలివాడై కునుకు తీసిన రోజున, కుర్చీ తెచ్చి వరండాలో వేసుకుంటాడు. ఈ వైరస్ అచ్చం అదే. నా ఒంటి కాపలావాళ్ళకి ఈమధ్య కునుకు ఎక్కువైంది. అది వచ్చిన దారినే, అంటే ఆ ఒక్క నరం వెంటే, చర్మం దాకా నడిచి వచ్చింది. శరీరంలో ఆ నరాలు ఏ పక్కవి ఆ పక్కనే ఆగిపోతాయి. అందుకే సర్పి తలా తోకా కలవడం ఉండదు. ఇదంతా పిట్టగోడ మీంచి మా అమ్మకి విన్నవించాను.

"కలవకుండా ఉండాలనే కదేట్రా సింహాన్ని గీత్తాం?" అని ఆ ఖ్యాతి తన ఖాతాలో వేసుకుంది. తర్వాత గొంతు పెంచింది. "గానీ, అమ్మోరు పామై వత్తాదంటావేటి? అమ్మోరు అమ్మోరే, పాము పామే. ఇద్దర్నీ తెచ్చీసి ఒక బండికి కట్టీకు. కళ్ళు పోతాయి."

నా దగ్గర ఏడు గదులున్నాయి, ఆవిడ దగ్గర రెండే. కానీ ఆవిడ గదులకి తలుపులు గట్టివి.

సాయంత్రం వియ్యపురాలు ఆటో దిగింది. చేతిలో ఖాళీ సంచి, ముఖం నిండా ఏడ్చి తుడుచుకున్న గుర్తులు. కూతుర్ని తీసుకెళ్ళిపోతానంది. కోడలు లోపల బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను పిట్టగోడ వెనక, అనకూడనిది అనేసినవాడిలా, తల మాత్రం బయటపెట్టి చూస్తున్నాను.

మా అమ్మ ఊరుకోలేదు.

"తీసుకెల్తే ఎల్లండమ్మా. పుట్టింటికే కదా. గానీ కడుపుతో ఉన్న పిల్ల. అమ్మోరికి ముర్రాట ఎప్పుడైనా ఎత్తినారా? ఎత్తకపోతే ఇప్పుడైనా మొక్కుకోండి. ఈ ఊళ్ళో పడ్డాక మనోళ్ళు అన్నీ వదిలీసినారు."

ముర్రాట అంటే పసుపునీళ్ళలో వేపాకు వేసి, ఆ బిందెని నెత్తిన పెట్టుకెళ్ళి అమ్మవారికి పొయ్యడం. ఎత్తలేదేమో అని అనుమానించడమంటే మావైపు చిన్న మాట కాదు. వియ్యపురాలు సంచి కింద పెట్టేసింది.

"అలాగంటారేటండీ పెద్దమ్మగారూ! టెల్కోలో ఉన్నామని ఆచారం మర్సిపోనామనుకున్నారేటి? పిల్ల ఇంకా బడికెల్లనప్పుడే అమ్మోరు ఒళ్ళంతా ఆడీసింది. సూది మోపడానికి సోటు లేదు. గుమ్మానికి వేపమండలు కట్టినాను, పోపు మానీసినాను, సలిదన్నవే పెట్టినాను. తలకి పోసినాక రైలెక్కి మా ఊరెల్లి మరీ ముర్రాట ఎత్తినాను. ఎవర్ని అడుగుతారో అడగండి!"

పిట్టగోడ మీంచి దాదాపు పెరట్లో పడ్డాను.

"అక్కయ్యగారూ! ఫోన్లో లేదన్నారు కదండీ!"

ఆవిడ తల పైకెత్తి, చొక్కా లేని వియ్యంకుణ్ణి చూసి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆ కొంగులోంచే జవాబిచ్చింది.

"మీరు రోగం అడిగినారండీ అన్నయ్యగారూ. అమ్మోరు రోగమేటండీ?"

"చికెన్‌పాక్స్ అని కూడా చెప్పానండీ!"

"ఆ మాట నాకు తెల్దేటి? ఇంగిలీసులో తిట్టినా తిట్టు తిట్టే కదండీ. ఇంటికొచ్చిన తల్లిని రోగమని ఒప్పుకుంటే పిల్ల మీద మల్లీ కోపం తెచ్చుకోదేటి? నాకున్నది ఒక్కగానొక్క పిల్ల."

"మరే. నువ్వు నోరు కడుక్కోరా," అంది మా అమ్మ నాతో. వియ్యపురాళ్ళిద్దరూ, అంటే అసలు వియ్యపురాలూ మా అమ్మా, పెళ్ళినాటి నుంచీ ఒక్క విషయంలోనూ ఏకం కాలేదు. ఆ రోజు నా మీద ఏకమయ్యారు.

కోడలు చీర మడత చేతిలోనే పట్టుకుని బయటికొచ్చి, కణత దగ్గర జుట్టు పక్కకి తోసి వాళ్ళమ్మకి చూపించింది. అక్కడ చిన్న గుంట.

"మమ్మీ, తో యే ఝూలే సే గిర్‌నే కా నిశాన్ నహీ హై?"

ఉయ్యాల మీంచి పడ్డ మచ్చ అని ఇన్నాళ్ళూ ఆ పిల్ల నమ్మింది. వాళ్ళమ్మ అలాగే చెప్పింది. ఆవిడ గొంతు తగ్గించి, "అమ్మోరు పెట్టిన బొట్టమ్మా అది. పైకి సెప్పుకోకూడదు," అంది. పెళ్ళినాటి నుంచీ రోజూ నా ఎదురుగా తిరిగిన మచ్చ అది. చికెన్‌పాక్స్ మచ్చ ఎలా ఉంటుందో నేను ఏటా బోర్డు మీద గీస్తాను. అది కూడా సమోసాలాగే గీస్తానేమో.

అయినా అమ్మవారి సాక్ష్యం ఒక్కటీ డాక్టరుకి చాలదు కదా. ఆ రాత్రి కోడలు వెళ్ళలేదు గానీ సంచి గుమ్మం దగ్గరే ఉంది. మర్నాడు రక్తం సంగతి తెలిసింది. యాంటీబాడీలు ఉన్నాయి, పాతవి, పుష్కలంగా. నా కాపలావాళ్ళు కునుకు తీశారు గానీ ఆ పిల్ల కాపలావాళ్ళు చిన్నప్పటి ఠేకేదారు ముఖం మర్చిపోలేదు. ఇంజెక్షను వెతకక్కర్లేదని చెప్పడానికి డాక్టరుకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

"మైనే తో మాతా హీ పూఛా థా, మాస్టర్జీ," అన్నాడు ఆయన. నేను మాత అనే కదా అడిగాను అని.

వియ్యపురాలు ఖాళీ సంచిని మడిచి అటక మీద పెట్టి, రెండ్రోజులు ఉండి వంట చేస్తానంది. నేను ఆవపెట్టిన పనసపొట్టు కూర ఊహించుకుంటూ మెట్ల దగ్గర కూచున్నాను. కంచం వచ్చింది. చల్లన్నం, మజ్జిగ, పోపు లేని పప్పు. గది గుమ్మానికి వేపమండలు. నాకు అర్థం కాలేదు. మా అమ్మ కింద నుంచి వివరించింది.

"నీ ఒంట్లో ఉన్నది అమ్మోరే అన్నావు కదా? నాను కాదన్నాను. డాక్టరు కూడా అదే అన్నాడంట. మరి అమ్మోరున్న ఇంట్లో పోపేత్తారేటి? గెడ్డం గీక్కోకు. సెప్పులేసుకోకు."

జన్మలో మొదటిసారి వాదనలో మా అమ్మ మీద గెలిచాను. గెలుపు ఇలా ఉప్పూ కారం లేకుండా ఉంటుందని తెలియదు.

అంతటితోనూ వదల్లేదు. పొరపాటున పామే అయితే? అందుకని జేగురు అరగదీసి పైకి వచ్చింది. పొక్కుల జోలికి పోకుండా పక్కన గీసుకోమని డాక్టరు దగ్గర అనుమతి కూడా తెచ్చుకుంది. నేను పిట్టగోడ పట్టుకుని నిలబడితే వీపు మీద చల్లగా ఏదో నడిచింది. దీపం పట్టుకోవడానికి కోడలు వచ్చింది. నేను డాబా ఎక్కాక ఆ పిల్ల నాకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. నేను అలవాటుగా ఆ పిల్లకి ఎడంగా ముందుకి జరగబోయాను.

"కదలకు, తోక సెడిపోద్ది," అంది మా అమ్మ.

కోడలు దీపం దగ్గరికి తెచ్చి, వంగి చూసి, కడుపు పట్టుకుని పగలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"మామ్మా, యే షేర్ నహీ హై. యే తో బిల్లీ హై!"

సింహం కాదు, పిల్లి. మా వంశంలో ఎవరికీ బొమ్మలు రావు.

"పిల్లయితే పిల్లి. పామునైతే పడతాది కదా," అంది మా అమ్మ, ఏమాత్రం తగ్గకుండా. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ నరం పొడవునా నిప్పు అంటుకుంటుంది. కోడలు పక్కనే నిలబడి ఇంకా నవ్వుతూనే ఉంది. నేను పిట్టగోడ గట్టిగా పట్టుకుని, మంట మండితే మండనీ అని, నవ్వాను.